అధీకృత రంధ్రం

కంటైనర్‌కు చిల్లు ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ఒక మనిషి లోపలికి వెళ్ళాలి. బయటివాళ్ళు తలుపులు మూయాలి. లోపలి మనిషి కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా యాభై అంకెలు లెక్కపెట్టాలి. తర్వాత పైకప్పు మూలలు, అడుగు చెక్కలు, తలుపుల రబ్బరు అంచులు చూడాలి. ఎక్కడైనా సూదిమొనంత వెలుతురు కనిపిస్తే అక్కడ చిల్లు ఉన్నట్టు. వెలుతురు వచ్చే దారిలో వాన నీళ్ళూ వస్తాయి. ఏమీ కనిపించకపోతే కంటైనర్ మంచిది.

కొత్తరేవు కంటైనర్ యార్డులో పంతాడి నూకరాజు మేస్త్రి ఈ పని ముప్ఫై ఒక్క సంవత్సరాలు చేశాడు. కంటైనర్ మంచిదైతే లోపలి నుంచి తలుపు మీద ఒకసారి కొట్టేవాడు. చిల్లు ఉంటే రెండుసార్లు. బయటివాళ్ళు తలుపు తీసేవాళ్ళు. ఆయన సుద్దముక్కతో తలుపు మీద మంచిదానికి గీత, చెడ్డదానికి ఇంటూ గుర్తు పెట్టేవాడు. ముప్ఫై ఒక్క సంవత్సరాల్లో ఆయన గీత పెట్టిన కంటైనర్‌లో సరుకు తడిసిందని ఒక్క ఫిర్యాదు రాలేదు. ఫిర్యాదు రాకపోవడం వల్ల ఆ పద్ధతికి ఫైలు కూడా లేదు.

ఫైలు లేదన్న సంగతి ఆడిట్ బృందం కనిపెట్టింది.

యార్డును నడిపేది తీర కంటైనర్ల నిర్వహణ మండలి. సుద్దగీత పత్రం కిందికి రాదని ఆడిట్ బృందం రాయడంతో మండలి ‘వెలుతురు పరీక్షా పత్రం’ అనే ఫారం అచ్చు వేయించింది. అందులో పదకొండు గడులు. నూకరాజు కంటైనర్‌లోంచి బయటికి వచ్చి, చెట్టు కింద బల్ల దగ్గర కూర్చుని ఆ గడులు నింపి సంతకం పెట్టేవాడు. ఒక సంవత్సరం గడిచింది. మళ్ళీ వచ్చిన ఆడిట్ బృందం ఈసారి టేపు తెచ్చుకుంది.

“పరీక్ష జరిగిన స్థలమునకును సంతకము జరిగిన స్థలమునకును మధ్య నాలుగు మీటర్ల దూరము గమనించబడినది. ఈ నాలుగు మీటర్లలో పరీక్షకుడు అభిప్రాయము మార్చుకొను అవకాశము లేకపోలేదు” అని బృందం రాసింది.

దీనికి జవాబుగా మండలి డిప్యూటీ మేనేజర్ (భద్రత, అనుసరణ) కె. హయగ్రీవరావు గారు సర్క్యులర్ నంబరు 17 జారీ చేశారు. అందులో ముఖ్యమైన నిబంధనలు మూడు.

“2. పరీక్షకుడు సదరు పత్రమును కంటైనర్ లోపలనే, తలుపులు పూర్తిగా మూసియున్న స్థితియందే పూరించి సంతకము చేయవలెను.

3. పరీక్షకుడు టార్చి, సెల్‌ఫోన్, అగ్గిపెట్టె మొదలగు కాంతిజనక వస్తువులను లోనికి తీసుకొనిపోరాదు. అట్టి కాంతి పరీక్షాఫలితమును కలుషితము చేయును.

4. పత్రము పూర్తయినదని పరీక్షకుడు లోపలినుండి తెలియజేసిన పిమ్మట మాత్రమే తలుపులు తెరవవలెను.”

విడివిడిగా చదివితే మూడింటిలోనూ తప్పు పట్టడానికి ఏమీ లేదు. హయగ్రీవరావు గారు వాటిని విడివిడిగానే రాశారు. రెండోది సోమవారం, మూడోది బుధవారం, నాలుగోది శనివారం.

సర్క్యులర్ అమలులోకి వచ్చిన రోజునే కోనసీమ నుంచి చిక్కం సత్యవేణి రెండు లారీల డోర్‌మ్యాట్లతో యార్డుకు వచ్చింది. నలభై రెండు మంది ఆడవాళ్ళ కొబ్బరిపీచు సంఘానికి ఆమె కార్యదర్శి. సంఘానికి ఇది మొదటి విదేశీ ఆర్డరు. హాంబర్గ్ వెళ్ళాలి. ఏడు నెలలు పని చేశారు. కొనేవాళ్ళు పంపిన ఉత్తరంలో ఒకే షరతు ఉంది: సరుకు పొడిగా చేరాలి, చెమ్మ తగిలిన మూట ఒక్కటి ఉన్నా మొత్తం వెనక్కి పంపేస్తారు, మరో ఆర్డరు ఉండదు. పీచుకు చెమ్మ తగిలితే ఓడ సముద్రం దాటేలోపు బూజు పడుతుంది. వచ్చే వారం శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఆ ఓడ సరుకుకు యార్డు గేటు మూస్తారు. చేతిలో పన్నెండు రోజులు ఉన్నాయి.

“ఎన్ని టన్నులమ్మా?” అన్నాడు నూకరాజు.

“పది, బాబాయ్. ఇరవై అడుగులది సరిపోద్దన్నారు మా ఊళ్ళో.”

“బరువుకి సరిపోద్ది. నిండుకి సరిపోదు. నల్లరాయి పలకలనుకో, ఇరవై అడుగుల దాంట్లో సగం కూడా నిండకుండానే బరువు తీరిపోద్ది. మీ కాళ్ళపట్టాలు అలాక్కాదు, జాగా తినేత్తాయి. నలభై అడుగుల హైక్యూబ్ తీసుకోవాల. మామూలు దానికన్నా అడుగు ఎత్తు ఎక్కువుంటాది.”

“అదేంటి బాబాయ్, ఆ కంటైనర్ చివర మిషను బిగించున్నాది?”

“అది ఫ్రిజ్జమ్మా. రొయ్యలకి. మీ పట్టాలకి చలెందుకు?”

“దీనికి పైన కప్పే లేదు!”

“పెద్ద పెద్ద యంత్రాలు క్రేన్‌తో పైనుంచి దింపుతారు. ఆనక టార్పాలిన్ కప్పుతారు. పద, నీకు మంచిది చూపిత్తాను.”

ఆయన చూపించిన కంటైనర్ నంబరు చివర 412 ఉంది. వయసు మూడేళ్ళు. అడుగు చెక్కలు ఆరి ఉన్నాయి. తలుపుల రబ్బరు చీలలేదు. నూకరాజు ఫారం, అట్ట, పెన్ను తీసుకుని లోపలికి వెళ్ళాడు. తలుపులు మూశారు. కొత్త పద్ధతి మొదటి పరీక్షను చూడటానికి హయగ్రీవరావు గారు స్వయంగా వచ్చి నిలబడ్డారు.

చాలాసేపటికి లోపలి నుంచి “అయిందండి” అని వినిపించింది. తలుపులు తీశారు.

“కంటైనర్ పరిస్థితి ఏమి?” అన్నారు హయగ్రీవరావు.

“బెమ్మాండంగా ఉందండి. చుక్క వెలుతురు లేదు.”

“పత్రము పూరించితివా?”

“పూరించానండి. ఎక్కడ పూరించానో మాత్రం తెల్దండి.”

ఫారాన్ని ధ్రువపత్రాల కౌంటర్‌కు తీసుకెళ్ళారు. అక్కడ కూర్చునే రత్నకుమార్ దాన్ని రెండు వైపులా తిప్పి చూశాడు.

“కంటైనర్ నంబరు గడిలో నీ సంతకం ఉంది. సంతకం గడిలో ‘బాగు’ అని ఉంది. ఏడో గడిలో, వెలుతురు ఉన్నది, లేదు, వర్తించనిది కొట్టివేయుము అంటే, రెండూ కొట్టేశావు.”

“ఒకటే కొట్టానండి. రెండోది దాంతోపాటు పోయుంటాది.”

“నీ పేరు రాయలేదేం?”

“ఆ గడి దొరకలేదండి.”

ఫారం తిరస్కరించారు. 412ను పెండింగ్ వరుసలో పెట్టారు. ఆ రోజు నూకరాజు మరో తొమ్మిది కంటైనర్లు పరీక్షించాడు. ఎనిమిది మంచివి. ఎనిమిదీ పెండింగ్‌కు వెళ్ళాయి. తొమ్మిదోదాని పైకప్పుకు నిమ్మకాయ పట్టేంత చిల్లు ఉంది. నూకరాజు దాని కింద కూర్చున్నాడు. ఎండ తిన్నగా అట్ట మీద పడింది. పదకొండు గడులూ గుండ్రటి అక్షరాలతో నింపాడు. ఏడో గడిలో ‘లేదు’ కొట్టేసి ‘ఉన్నది’ ఉంచాడు. దాని కింద ‘నిమ్మకాయంత’ అని కూడా రాశాడు.

రత్నకుమార్ ఆ ఫారం చూసి ముద్ర వేశాడు.

“ఏటి బాబూ, దానికి చిల్లుందని రాశాను గదా!” అన్నాడు నూకరాజు.

“గడులన్నీ నిండాయా, సంతకం ఉందా, అర్థమవుతోందా, అది చూడటం నా పని. గడిలో ఏముందో చూడాల్సింది సాంకేతిక విభాగం.”

“మరి ఆళ్ళకి పంపరాదా?”

“ధ్రువపత్రం రానివాటినే వాళ్ళకు పంపుతాం. దీనికి వచ్చేసింది కదా!”

శనివారం నాటికి యార్డులో నూట నలభై కంటైనర్లకు పరీక్ష జరిగింది. పదకొండింటికి ధ్రువపత్రం వచ్చింది. వాటిలో తొమ్మిదింటికి చిల్లులు ఉన్నాయి. మిగతా రెండూ పైకప్పు లేనివి. మంచివన్నీ పెండింగ్‌లో ఉండటంతో పెండింగ్ వరుస యార్డు వెనకున్న పశువుల ఆస్పత్రి గోడ దాకా పెరిగింది.

సోమవారం సమావేశం పెట్టారు. నూకరాజును కూడా పిలిచి, తలుపు దగ్గర కుర్చీ వేశారు.

“ధ్రువీకరణ శాతము ఎనిమిది దగ్గర నిలిచియున్నది,” అన్నారు హయగ్రీవరావు. “సమస్య మూలమును గుర్తించవలసియున్నది. ధ్రువీకరణ పొందిన పదకొండు కంటైనర్లయందును ఒక సమాన లక్షణము కనబడుచున్నది. అవి కాంతివంతములు. పొందనివాటియందు కాంతిలేమి కలదు.”

అందరూ రాసుకున్నారు. చూపులేనివారు వేళ్ళతో చదివే చుక్కల లిపిలో ఫారం అచ్చు వేయించాలని ఒక సభ్యుడు అన్నాడు. దానికి బడ్జెట్ పద్దు లేదని మరో సభ్యుడు అన్నాడు. నూకరాజు లేచి నిలబడ్డాడు.

“ఒక మాటండి. పరీక్ష లోపల చేత్తాను. తలుపు తీసేత్తే, ఆ గుమ్మంలోనే నిలబడి సంతకం ఎట్టేత్తాను. నాలుగు మీటర్లు కాదు గదండి, నాలుగంగుళాలు కూడా కదల్ను.”

“మేస్త్రి సూచన నమోదు చేయడమైనది,” అన్నారు హయగ్రీవరావు. నమోదు చేశారు. తర్వాతి అంశానికి వెళ్ళారు.

ఆ సాయంత్రం సర్క్యులర్ నంబరు 17-ఎ వచ్చింది. ధ్రువపత్రం లేని ప్రతి కంటైనర్ పైకప్పుకు ఇరవై ఐదు మిల్లీమీటర్ల వ్యాసంతో ఒక ‘అధీకృత రంధ్రం’ చేయాలి. పరీక్షకుడు దాని కింద కూర్చుని, దాని గుండా వచ్చే వెలుతురులో పత్రం పూరించాలి. ఏడో గడిని “అధీకృత రంధ్రము కాక అన్యమైన వెలుతురు ఉన్నదా?” అని మార్చారు. గేటు దగ్గర రంధ్రం వ్యాసం కొలిచి నమోదు చేయాలి. ఈ పనికి ఆరుగురితో, రెండు డ్రిల్లింగ్ యంత్రాలతో రంధ్ర దళం ఏర్పాటు చేశారు. తర్వాత రంధ్రం పూడ్చవచ్చా అని రత్నకుమార్ అడిగాడు. పూడిస్తే ధ్రువీకరణ తర్వాత కంటైనర్‌లో మార్పు చేసినట్టు అవుతుందనీ, ధ్రువపత్రం చెల్లదనీ జవాబు వచ్చింది.

మంగళవారం ఉదయం మండలి అధ్యక్షుడు కొబ్బరికాయ కొట్టి, కొత్త కంటైనర్ ఒకదానికి మొదటి రంధ్రం చేశారు. “ఈ రంధ్రము పారదర్శకతకు ప్రతీక” అన్నారు. చప్పట్లు కొట్టారు. కంటైనర్ల యజమానులైన షిప్పింగ్ కంపెనీలు నిరసన ఉత్తరాలు రాశాయి. ఆ ఉత్తరాలు నిర్ణీత ఫారంలో లేకపోవడంతో వాటిని తీసుకునే కౌంటర్ దొరకలేదు.

ఆ కొత్త కంటైనర్‌లో మధ్యాహ్నం పెసలు నింపారు. రాత్రి వాన పడింది. ఓడ ఆలస్యం కావడంతో గురువారం పొద్దున తలుపు తీసి చూశారు. రంధ్రం కింది బస్తాల్లో పెసలు అంగుళం మేర మొలకెత్తి ఉన్నాయి. రిజిస్టరులో ‘సరుకు పరిమాణంలో వృద్ధి’ అని రాశారు.

సత్యవేణి ఆ మొలకలు చూసింది. అక్కడి నుంచి తిన్నగా హయగ్రీవరావు గారి గదికి వెళ్ళింది.

“సార్, నా కంటైనర్‌కి చిల్లు పెట్టొద్దండి. మీకు దండం పెడతాను.”

“చిల్లు కాదమ్మా. రంధ్రము. అధీకృతము.”

“దాంట్లోంచి వాన రాదాండి?”

“వాన విషయము వాతావరణ శాఖ పరిధిలోనిది.”

“చెమ్మ తగిలితే మొత్తం వెనక్కొచ్చేస్తుందండి. నలభై రెండు మందిమి. ఏడు నెలలండి.”

“ధ్రువపత్రము ఉన్న కంటైనర్‌కు రంధ్రము అవసరము లేదు. రేపు పదకొండు గంటలకు రంధ్ర దళము 412 వద్దకు వచ్చును. ఆలోపల ధ్రువపత్రము సంపాదించుకొనుము.”

ఆమె వచ్చి 412 పక్కన, చెక్కబల్లల మీద పేర్చి టార్పాలిన్ కప్పిన మూటల మీద కూర్చుంది. చేతిలో సంచి ఉంది. మూటల మీద ఊరి పేరు, నంబరు వేయడానికి అక్షరాలు కత్తిరించిన రేకులు, నల్లరంగు డబ్బా, బ్రష్షు, చాకు అందులో ఉన్నాయి. నూకరాజు టీ తెచ్చి ఇచ్చాడు. ఆమె రేకు ఒకటి తీసి, కత్తిరించిన సందుల మీద వేలు నడిపింది.

“బాబాయ్, మా సంఘంలో రవణమ్మకి చదువు రాదు. అయినా మూటల మీద హాంబర్గ్ అని ఇంగ్లీషులో రాసేత్తాది. ఎలాగో తెల్సా?”

“ఈ రేకెట్టుకుని.”

“ఒక ఖాళీ ఫారం ఇటియ్యి.”

ఆమె నమూనా మ్యాట్ ఒకటి తీసింది. ఫారాన్ని దాని మీద పరిచి, పదకొండు గడులు ఎక్కడున్నాయో అక్కడ చాకుతో పదకొండు చీలికలు కోసింది. ఏడో గడికి పక్కపక్కన రెండు కోసింది. తర్వాత ఫారం మీద మ్యాట్ పెట్టింది. ప్రతి చీలికలోంచీ ఒక గడి కనిపించింది.

“కళ్ళు మూసుకుని రాయి, బాబాయ్. చీలిక ఎక్కడుందో వేలికి తెలుత్తాది. అందులో రాయి. పీచు దాటి పెన్ను పోదు.”

నూకరాజు కళ్ళు మూసుకుని రాశాడు. తెరిచి చూశాడు. సంతకం సంతకం గడిలో ఉంది.

“ఓసి నీ అసాధ్యం గూల!” అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆయన 412లోకి మ్యాట్ పట్టుకుని వెళ్ళాడు. కాంతిజనక వస్తువుల్లో డోర్‌మ్యాట్ లేదు కాబట్టి ఎవరూ ఆపలేదు. ఏడు నిమిషాల్లో బయటికి వచ్చాడు. రత్నకుమార్ ఫారం చూసి, ముద్ర ఎత్తి, ఆగాడు. 412 పేరు రంధ్రాల రిజిస్టరులో లేదు. ఫారం పైకి పంపాడు.

హయగ్రీవరావు గారు దాన్ని రెండుసార్లు చదివారు.

“ఇంత స్పష్టముగా వ్రాయబడినదనగా లోపల వెలుతురు ఉన్నదనుటయే. వెలుతురు ఉన్నదనగా ఎచ్చటనో రంధ్రము ఉన్నదనుటయే. 412కు అధీకృత రంధ్రము లేదు. కావున ఉన్న రంధ్రము అనధీకృతము.”

“లోపల చీకటండి! ఒట్టండి!” అన్నాడు నూకరాజు. “ఈ పట్టా ఎట్టుకుని రాశానండి.”

“చీకటైనచో స్పష్టముగా ఉండదు. స్పష్టముగా ఉన్నచో చీకటి కాదు. రేపు పది గంటలకు నేనే లోనికి వెళ్ళి నిర్ధారించెదను.”

శుక్రవారం పదింటికి 412 ముందు అందరూ చేరారు. రంధ్ర దళం గంట ముందే నిచ్చెన వేసి, యంత్రానికి కరెంటు తీగ కలిపి పెట్టుకుంది. పడమట మబ్బు పట్టింది. హయగ్రీవరావు గారు తెల్ల ప్యాంటు వేసుకున్నారు.

“అయ్యగారూ, ఈ పట్టా దగ్గరుంచుకోండి. పనికొత్తది,” అన్నాడు నూకరాజు.

హయగ్రీవరావు గారు ఫారం, పెన్నుతో పాటు మ్యాట్ కూడా తీసుకున్నారు. సెల్‌ఫోన్ రత్నకుమార్‌కు ఇచ్చి, “నిబంధన అందరికీ ఒక్కటే” అన్నారు. లోపలికి వెళ్ళి, అడుగు చెక్కల మీద దుమ్ము చూసి, మ్యాట్ పరిచి దాని మీద కూర్చున్నారు. తలుపులు మూశారు.

నూకరాజు బయట లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పన్నెండు దగ్గర తలుపు మీద చప్పుడు అయింది. ఒకసారి.

“ఫారం పూర్తయిందాండి?” అని కేక వేశాడు నూకరాజు.

“నూకరాజూ, ఇక్కడ చీకటిగా ఉంది.”

“ఆయ్.”

“చాలా చీకటిగా ఉందయ్యా.”

“మంచి కంటైనరండి మరి.”

“తలుపు తియ్యి.”

“ఫారం పూర్తయిందాండి?”

“ఫారం ఎక్కడుందో కనపడితే కదా! తియ్యవయ్యా తలుపు!”

“నాలుగో నిబంధన ఉందండి.”

“ఆ నిబంధన రాసింది నేను!”

“అందుకేనండి భయం.”

రంధ్ర దళంలో ఎవరో నవ్వి, దగ్గుగా మార్చుకున్నారు. తర్వాత గొంతు చిన్నదై వినిపించింది.

“నూకరాజూ, నాకు ఊపిరి ఆడటం లేదు.”

“ఆ కంటైనర్లో ఒక మనిషికి రెండ్రోజులు సరిపడా గాలుంటాదండి. నేను ముప్ఫయ్యేళ్ళ బట్టి ఉంటన్నాను గదండి.”

సత్యవేణి తలుపు దగ్గరికి వచ్చి, రెండు చేతులూ నోటి పక్కన పెట్టుకుంది.

“సార్, మీరు కూర్చున్న పట్టా తీయండి. తీశారా? దానికి ఒక మూల తాడు ముడి ఉంటాది. ఆ మూల పైకొచ్చేలా ఫారం మీద పెట్టండి. మొదటి చీలిక దొరికిందాండి?”

“దొరికింది.”

“అది కంటైనర్ నంబరు. రాయండి. దాని కిందది తేదీ.”

కొత్తగా చేరిన ఆడవాళ్ళకు ముడి నేర్పించినట్టు ఆమె ఒక్కో గడీ చెప్పింది. ఆయన ఒక్కోటీ రాశారు. ఏడో గడి వచ్చింది.

“ఇక్కడ రెండు చీలికలుంటాయి సార్. ఎడమది ‘ఉన్నది’. కుడిది ‘లేదు’. మీకెక్కడన్నా వెలుతురు కనపడుతోందాండి? బాగా చూడండి. పైన మూలలు చూడండి.”

లోపల అడుగు చెక్కలు కిర్రుమన్నాయి.

“ఏమీ కనపడటం లేదమ్మా.”

“అయితే ఎడమది కొట్టేయండి సార్.”

ఇరవై రెండు నిమిషాలకు “అయింది” అని వినిపించింది. తలుపులు తీశారు. హయగ్రీవరావు గారి చొక్కా చెమటకు తడిసింది. చేతిలో ఫారం ఉంది. పదకొండు గడులూ నిండి ఉన్నాయి, ఏదీ గీత దాటలేదు. రత్నకుమార్ నీళ్ళ సీసా ఇచ్చాడు. ఆయన సగం తాగి, మూత బిగించి, ఫారం వైపు చూశారు. అందులో ఉన్నది ఆయన సంతకం. ఆ సంతకాన్ని మండలిలో ఇంతవరకు ఎవరూ తిరస్కరించలేదు.

“పత్రము సక్రమముగానున్నది,” అన్నారు. “ధ్రువపత్రము ఇవ్వుడు.”

రంధ్ర దళం నిచ్చెన తీసుకుని 413 దగ్గరికి వెళ్ళింది.

నింపడానికి నాలుగు గంటలు పట్టింది. నూకరాజు ముందు అడుగున, గోడలకు గోధుమరంగు కాగితం పరిపించాడు. మూటలు ఒక పక్కకు బరువు పడకుండా, ముందు నుంచి వెనక దాకా సమంగా వేయించాడు. వరుసల మధ్య సందు వదలనివ్వలేదు. సందు ఉంటే ఓడ ఊగినప్పుడు మూటలు కదులుతాయి. చెమ్మ పీల్చే పొట్లాలు గోడ కొక్కేలకు కట్టించాడు. చివర తలుపు దగ్గర తాడు వల బిగించాడు.

“ఇదెందుకు బాబాయ్?” అంది సత్యవేణి.

“అక్కడ తలుపు తీసేవోడి మీద మూట పడకుండా. ఆడు మనకి కనపడ్డు గదా అని వొదిలెయ్యకూడదమ్మా.”

మూడున్నరకు ట్రెయిలర్ గేటు దగ్గరికి చేరింది. గార్డు అట్టకు బిగించిన జాబితా తీశాడు.

“రంధ్రం ఉందా?”

“దీనికి అక్కర్లేదు బాబూ. ధ్రువపత్రం ఉంది, చూడు,” అన్నాడు నూకరాజు.

“అది కౌంటర్ వాళ్ళ కాయితం. నాది 17-ఎ. ఇందులో రెండు గడులున్నాయి. రంధ్రం ఉన్నదా, వ్యాసం ఎంత. రెండూ నింపకపోతే గేటు తియ్యడానికి లేదు. రంధ్ర దళాన్ని పిలవమంటారా? మూలనే ఉన్నారు.”

సత్యవేణి నూకరాజు వైపు చూసింది. తర్వాత తన సంచి వైపు చూసింది. నూకరాజు జేబులోంచి రెండు రూపాయల బిళ్ళ తీశాడు.

“ఒక్క అయిదు నిమిషాలాగు బాబూ. రంధ్రం ఇప్పుడే చేసేత్తాను.”

ఆయన రంగు డబ్బా, బ్రష్షు పట్టుకుని నిచ్చెన ఎక్కాడు. పైకప్పు మీద బిళ్ళ పెట్టి చుట్టూ గీత గీసి, బిళ్ళ తీసి, లోపల నల్లరంగు నింపాడు. దిగాడు. గార్డు టేపు పట్టుకుని ఎక్కాడు. కొంతసేపు కింది నుంచి అతని బూట్లు మాత్రమే కనిపించాయి. దిగి వచ్చాక బొటనవేలు నల్లగా ఉంది.

“ఆరలేదు మేస్త్రి గారూ,” అన్నాడు గార్డు.

“గాలికి ఆరిపోద్ది బాబూ.”

గార్డు వేలు ప్యాంటుకు తుడుచుకున్నాడు. సత్యవేణి వైపు చూశాడు. మబ్బు వైపు చూశాడు. ‘రంధ్రం ఉన్నదా’ గడిలో ‘ఉన్నది’ అని రాశాడు. ‘వ్యాసం’ గడిలో ‘25’ అని రాశాడు. మూడో గడి లేదు. మూడు గంటల యాభై నిమిషాలకు గేటు తెరుచుకుంది. ట్రెయిలర్ వెనక చక్రాలు గేటు దాటుతుండగా వాన మొదలైంది.

సంగతి రంధ్ర దళానికి ఆ సాయంత్రమే తెలిసింది. అంతవరకు రోజుకు పదకొండు రంధ్రాలు చేసిన దళం సోమవారం నుంచి నూట నలభై చేసింది. యంత్రాలు స్టోరుకు తిరిగి ఇచ్చి, రెండు బ్రష్షులు తీసుకుంది. నూకరాజు మ్యాట్ పట్టుకుని కంటైనర్లలోకి వెళ్ళాడు. ధ్రువీకరణ శాతం తొంభై ఆరుకు చేరింది. హయగ్రీవరావు గారికి మండలి జ్ఞాపిక ఇచ్చింది. దాని మీద ‘రంధ్ర నిర్వహణలో విశిష్ట కృషికి’ అని చెక్కించారు.

హాంబర్గ్ నుంచి సత్యవేణికి ఉత్తరం వచ్చింది. మొదటి వాక్యంలో సరుకు పొడిగా చేరిందని ఉంది. రెండో వాక్యంలో మళ్ళీ అంతే సరుకు కావాలని ఉంది. మూడో వాక్యంలో, అభ్యంతరం లేకపోతే, పైకప్పు మీద నల్లచుక్క ఎందుకో తెలపమని ఉంది. మూడోదానికి ఆమె జవాబు రాయలేదు.

సంవత్సరం తిరిగాక ఆడిట్ బృందం వచ్చింది. యార్డులోని కంటైనర్లన్నింటికీ రంధ్రాలు ఒకే కొలతలో ఉండటాన్ని ప్రశంసించింది. ఒక్క లోపం మాత్రం ఎత్తి చూపింది. “రంధ్రముల వ్యాసము నమోదగుచున్నది గాని లోతు నమోదగుట లేదు.”

గేటు జాబితాకు మూడో గడి చేర్చారు. సత్యవేణి రెండో సరుకు అదే నెలలో వచ్చింది. గార్డు నిచ్చెన ఎక్కాడు. టేపుతో వ్యాసం కొలిచాడు. తర్వాత టేపు కొన చుక్క మధ్యలో నిలబెట్టి లోతు కొలిచాడు. దిగి వచ్చి మూడో గడిలో ‘సున్నా’ అని రాశాడు.

గడులన్నీ నిండాయి కాబట్టి గేటు తెరిచారు.